టైమింగ్ బెల్ట్ తెగిన కారు బాగుచేయించే ముందు ఒక్కసారి ఇది చదవండి

సెకండ్ హ్యాండ్ కారు కొనబోతున్నవాళ్లకీ, కొన్నాక టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ పై భాగాన్నీ కింది భాగాన్నీ జతగా తిప్పే పళ్ల రబ్బరు బెల్ట్) తెగి షెడ్డులో ఏం చేయాలో తోచక నిలబడ్డవాళ్లకీ ఇది చెప్తున్నాను. నేను రెండు చోట్లా తప్పు చేశాను. కొనేటప్పుడు కాగితం చూడకుండా మాట నమ్మాను. తెగాక లెక్క వేసుకోకుండా రిపేరుకి ఒప్పుకున్నాను. నా డబ్బు ఎక్కువగా తిన్నది రెండో తప్పే.

బండి ఎనిమిదేళ్ల నాటిది, పెట్రోల్, రీడింగ్ 78,000 కిలోమీటర్లు. దాని మాన్యువల్లో 96,000 కిలోమీటర్లకి గానీ ఆరేళ్లకి గానీ, ఏది ముందొస్తే అప్పుడు బెల్ట్ మార్చాలని రాసుంది. అమ్మినాయన "కిందటేడే మార్పించానండీ, ఇక దాని గురించి మీరు ఆలోచించక్కర్లేదు" అన్నాడు. బిల్లు అడిగితే ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయిందన్నాడు. ఒకవేళ మార్చకపోయినా 96,000 కాలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఏళ్ల లెక్క కూడా ఉందని తెలిసీ పట్టించుకోలేదు. బండి నడిచినా నడవకపోయినా రబ్బరు పాతబడుతుంది.

ఏడు నెలలు బాగానే తిరిగింది. ఒకరోజు మామూలు వేగంలో వెళ్తుంటే ముందుగా ఏ చప్పుడూ లేకుండా ఇంజిన్ ఆగిపోయింది. స్టీరింగ్ బరువెక్కింది. రెండుసార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా గట్టిపడింది. ఎలాగో పక్కకి తీసి సెల్ఫ్ కొట్టాను. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌ని సెల్ఫ్ తిప్పుతుంటే ఒత్తి ఒత్తి వదులుతున్నట్టు లయగా చప్పుడు వస్తుంది. ఆ రోజు ఆ లయే లేదు, అడ్డేమీ లేనట్టు గిర్రున తిరిగింది. మీకు ఎప్పుడైనా అలా వినిపిస్తే దయచేసి రెండోసారి కీ తిప్పకండి. స్టార్ట్ అవుతుందేమోనన్న ఆశతో నేను ఐదారుసార్లు తిప్పాను. అలా తిప్పిన ప్రతిసారీ లోపల దెబ్బ పెరిగే అవకాశం ఉందని తర్వాత తెలిసింది.

లోపల జరిగేది ఇదీ. కింద క్రాంక్ షాఫ్ట్‌తో పాటు సిలిండర్లలో పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి, పైన క్యామ్ షాఫ్ట్ గాలి రావడానికీ పొగ పోవడానికీ ఉన్న వాల్వులని తెరిచి మూస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. ఆ జతని కాపాడేది ఈ పళ్ల బెల్టే. చాలా ఇంజిన్లలో తెరుచుకున్న వాల్వూ, పైకొచ్చే పిస్టనూ ఒకే చోటుని వంతులవారీగా వాడుకుంటాయి. బెల్ట్ పోయిందంటే క్యామ్ ఆగిపోతుంది, పిస్టన్లు మాత్రం ఊపులో ఇంకా తిరిగి, తెరిచి ఉండిపోయిన వాల్వులని గుద్దుతాయి. కొన్ని ఇంజిన్లలో ఈ రెంటికీ మధ్య చాలినంత ఖాళీ ఉంటుంది. అలాంటి వాటిలో కొత్త బెల్ట్ వేస్తే బండి లేస్తుంది. డీజిల్ ఇంజిన్లలో ఆ ఖాళీ దాదాపు ఉండదు. మీ ఇంజిన్ ఏ రకమో షెడ్డుకి వెళ్లకముందే తెలుసుకోండి, మిగతా లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మెకానిక్ కవర్ విప్పి బెల్ట్ బయటికి తీశాడు. నిజానికి అది తెగలేదు. క్రాంక్ పుల్లీ దగ్గర జానెడు మేర పళ్లు గీకేసినట్టు ఊడిపోయాయి. వీపు మీద కంపెనీ పేరు, బండి తయారైన సంవత్సరం మసగ్గా కనిపిస్తున్నాయి. అంటే ఫ్యాక్టరీలో వేసిన బెల్టే, ఎనిమిదేళ్లుగా ఎవరూ చెయ్యి పెట్టలేదు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే రెండు రోజులు ఎత్తలేదు, మూడో రోజు ఎత్తి "నేను షెడ్డులో చెప్పానండీ, వాళ్లు మార్చారో లేదో నాకేం తెలుసు" అన్నాడు. చేతిలో కాగితం లేదు, ఇంకేం మాట్లాడతాను.

అసలు చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచి.

మెకానిక్ "ముందు కొత్త కిట్ వేసి చూద్దాం సార్, అదృష్టం బాగుంటే లేస్తుంది" అన్నాడు. బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, దారిలో నడిపించే ఐడ్లర్ చక్రం, వాటర్ పంపు, కూలెంట్, వాటి పైన పనికి కూలీ. లేవలేదు. ఆ బిల్లు కట్టాక "వాల్వులు వంగినట్టున్నాయి, హెడ్ దించాలి" అన్నాడు. హెడ్ అంటే వాల్వులు, క్యామ్ ఉండే ఇంజిన్ పై భాగం. నా ఇంజిన్‌లో పిస్టన్లు వాల్వులకి తగులుతాయన్న సంగతి అతనికి ముందే తెలుసు. వాల్వుల సంగతి తేల్చడానికి కిట్ వేయక్కర్లేదు. బెల్ట్ లేకుండానే పిస్టన్లన్నీ సగం కిందికి వచ్చేలా క్రాంక్‌ని చేత్తో తిప్పి ఆపి, క్యామ్‌ని తిప్పుతూ ఒక్కో సిలిండర్ వాల్వులు మూసుకునేలా చేసి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పెడితే చాలు. వాల్వు వంగి ఉంటే గాలి ఇన్‌టేక్ వైపో సైలెన్సర్ వైపో బుస్సుమంటూ బయటికొస్తుంది. అదే రంధ్రంలోంచి చిన్న కెమెరా దింపితే పిస్టన్ మీద వాల్వు కొట్టిన నెలవంక గుర్తులు కనిపిస్తాయి. దీనికి కూలీ ఉంటుంది, కానీ కిట్ ఖరీదుతో పోలిస్తే ఏమాత్రం కాదు. మొదటి రోజు నేను అడగాల్సింది ఇదొక్కటే.

హెడ్ దించితే పదహారు వాల్వుల్లో పదకొండు వంగి ఉన్నాయి. ఆ రోజు మొదటిసారి గట్టిగా అనుమానం వచ్చింది, వదిలేద్దామా అని. కానీ అప్పటికే కిట్‌కి కట్టాను, హెడ్ దించిన కూలీ కట్టాను. ఇంత పెట్టాక వదిలేయడమా అని మనసు ఒప్పుకోలేదు. నన్ను ముంచింది ఆ ఆలోచనే. పోయిన డబ్బు బండి బాగైనా రాదు, కాకపోయినా రాదు. ఇవాళ ఇంకెంత పెట్టాలి, పెడితే చేతికి ఏమొస్తుంది, ఇంతే చూడాలి.

తర్వాత ఖర్చు తడిసి మోపెడయింది. కొత్త వాల్వులు, రెండు గైడ్లు, వాల్వ్ సీళ్లు, లేత్ షాపులో హెడ్ ఫేసింగ్, హెడ్ గాస్కెట్. పాత హెడ్ బోల్టులు మళ్లీ బిగించకూడదు, చాలా ఇంజిన్లలో అవి ఒకసారి సాగితే అంతే, కాబట్టి అవీ కొత్తవి. ఇవేవీ మొదటి ఎస్టిమేట్‌లో లేవు. పిస్టన్ల సంగతి అడిగితే "పైన గుర్తులే సార్, ఏం కాదు" అన్నాడు. అప్పుడైనా ఆగి, పిస్టన్లుండే కింద భాగం ఇంకెవరికైనా చూపించి ఉండాల్సింది.

బండి లేచింది. ఆరు వందల కిలోమీటర్లు తిరిగింది. తర్వాత సైలెన్సర్ నుంచి నీలం పొగ, ఇంజిన్ ఆయిల్ తగ్గడం, సిగ్నల్ దగ్గర ఆగితే వణుకు. ఇంకో షెడ్డులో కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) చూస్తే మూడో సిలిండర్‌లో మిగతావాటిలో సగం కూడా లేదు. వాల్వు కొట్టిన దెబ్బకి పిస్టన్ రింగుల దగ్గర పగిలింది. మొదటి షెడ్డుకి వెళ్తే బిల్లు చూపించాడు. గ్యారంటీ "హెడ్ పనికి మాత్రమే" అని చిన్న అక్షరాల్లో ఉంది. సంతకం పెట్టింది నేనే.

ఇప్పుడు అడిగితే నేను చెప్పే లెక్క ఇది. మీ బండి నడిచే స్థితిలో ఉంటే ఇవాళ ఎంతకి పోతుంది? ఇలా ఆగిపోయినది ఆగిపోయినట్టే అమ్మితే ఎంత వస్తుంది? ఈ రెండు ధరలూ ముగ్గురు నలుగురిని అడిగి తెలుసుకోండి. నడిస్తే వంద, నడవకపోతే ముప్ఫై ఐదు అనుకుంటే, మధ్యలో ఉన్న అరవై ఐదే మీ రిపేరుకి ఆఖరి హద్దు. ఆ అరవై ఐదులోంచి త్వరలో తప్పని టైర్లు, క్లచ్, సస్పెన్షన్ ఖర్చు తీసేయండి. మిగిలినదాంట్లో కూడా మూడో వంతు పక్కన పెట్టండి, ఎందుకంటే హెడ్ దించాక ఎస్టిమేట్ పెరగడమే తప్ప తగ్గడం నేను చూడలేదు. అప్పటికీ ఆ పని అందులో పడుతుందంటేనే ముందుకెళ్లండి. అయితే కొత్తప్పటి నుంచీ మీరే నడిపిన బండి, బాడీ తుప్పు పట్టలేదు, సర్వీసులన్నీ మీ చేతుల మీదే జరిగాయి అంటే హద్దు కొంచెం దాటినా తప్పులేదు. దాని బదులు కొనే బండి చరిత్ర మీకు తెలియదు కదా. నా బండి చరిత్ర నాకు ఏడు నెలలదే తెలుసు. నేను దాటకూడనిది దాటాను.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వేయించడం కూడా ఒక దారే, వాల్వులతో పాటు పిస్టన్లు కూడా పోతే అదే చవక. కానీ ఆ ఇంజిన్ కంప్రెషన్ కొలత చూడకుండా కొనకండి. దానికి కొత్త బెల్టూ వాటర్ పంపూ అది నేల మీద ఉన్నప్పుడే వేయించండి. బండిలో ఎక్కించాక అదే పనికి రెట్టింపు కూలీ అవుతుంది.

ఇక కొనబోయేవాళ్లకి. ఆ ఇంజిన్‌లో ఉన్నది టైమింగ్ బెల్టా, లేక దాని బదులు ఇనుప గొలుసా (చైన్) అన్నది మాన్యువల్లో చూడండి. బెల్ట్ అయితే బిల్లు కావాలి, దాని మీద తేదీ, రీడింగ్, బెల్ట్‌తో పాటు టెన్షనర్, వాటర్ పంపు పేర్లు ఉండాలి. ఈ బెల్టే వాటర్ పంపుని తిప్పే ఇంజిన్లలో పాత పంపు పట్టేసినా కొత్త బెల్ట్ పోతుంది. పై కవర్ ఎత్తి చూస్తే పగుళ్లు కనిపించలేదు కాబట్టి బాగుందనుకోకండి. ఇప్పటి బెల్టులు పగలకుండానే అరిగిపోతాయి. కొన్ని ఇంజిన్లలో బెల్ట్ ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. వాటిలో కంపెనీ చెప్పిన ఆయిల్ కాకుండా వేరేది పోస్తే రబ్బరు పొరలుగా ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడుతుంది, కాబట్టి అలాంటి బండికి ఆయిల్ మార్చిన బిల్లులు కూడా అడగండి. బిల్లు లేదంటే బెల్ట్ మార్చలేదనే లెక్క. మార్చే ఖర్చంతా ధరలో తగ్గించుకుని, కొన్న వారంలోనే మార్పించండి.

నా బండిని చివరికి ఆగిపోయిన బండిగానే అమ్మేశాను. మొదటి రోజే అలా అమ్మి ఉంటే దాదాపు అంతే వచ్చేది, రెండు బిల్లుల డబ్బు మిగిలేది. కొన్నాయనకి పళ్లు ఊడిన పాత బెల్టూ, హెడ్ దించినప్పటి ఫోటోలూ, మూడో సిలిండర్ కొలత రాసిన కాగితమూ, బిల్లులన్నీ ఒక కవర్లో పెట్టి ఇచ్చాను. ఆయన అక్కడే నిలబడి ఒక్కొక్కటీ చదివి, ఇంకొంచెం ధర తగ్గించమన్నాడు. తగ్గించాను.