సుత్తిదెబ్బతో తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్: నాలుగేళ్ల వాడకం

నాలుగేళ్లలో మూడు యమహా ఆర్‌ఎక్స్ 100 బైకుల ఇంజన్లు విప్పాను. నా పనిముట్లలో ఈ ఇంపాక్ట్ డ్రైవర్ మీద ఉన్న మమకారం మరి దేనిమీదా లేదు. తుప్పుపట్టి బిగుసుకున్న స్టార్ స్క్రూను మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పబోతే మొన గాడిలోంచి పైకి జారి తలను గుండ్రంగా అరగదీస్తుంది. ఇది మాత్రం కొట్టిన ప్రతి దెబ్బకూ మొనను గాడిలోకి దించుతూనే తిప్పుతుంది కనుక జారదు. ఏళ్ల తరబడి కదలని క్లచ్ కవర్ స్క్రూ మూడో దెబ్బకు 'టిక్'మని వదిలినప్పుడు అరచేతికి తెలిసే ఆ సడలింపు మరో పనిముట్టుతో నాకు దొరకలేదు.

దానితోపాటు వచ్చిన బిట్ల, అంటే కొనకు తొడిగే మొనల, సంగతి వేరు. రెండో ఇంజన్ మాగ్నెట్ కవర్ అడుగువైపు స్క్రూ చుట్టూ, అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడి పేరుకుంది. అసిటోన్, ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే నూనె సమపాళ్లలో కలిపి రాత్రంతా నానబెట్టాను. అసిటోన్ వాసన పూర్తిగా పోయాక, వేడికి ఉక్కుకన్నా అల్యూమినియం దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కదా అని హీట్ గన్‌తో కాచి, ఆ తర్వాతే సుత్తి పట్టాను. ఐదో దెబ్బకు బిట్ మొన విరిగి గాడిలోనే ఉండిపోయింది. గట్టి ఉక్కు కావడంతో దానిమీద డ్రిల్ నిలవలేదు. సన్నటి పంచ్‌తో పక్కలనుంచి తట్టి ఆ ముక్కను ఊడదీయడానికే గంట పట్టింది. గాడి ఎలాగూ పాడైంది కాబట్టి ఆరున్నర మిల్లీమీటర్ల డ్రిల్‌తో తలనే తొలిచేశాను. కవర్ ఊడివచ్చాక మిగిలిన కాడను గ్రిప్ ప్లయర్‌తో పట్టుకుంటే, ఆశ్చర్యంగా, పెద్దగా బలం పెట్టకుండానే తిరిగి వచ్చేసింది. అంతసేపూ దాన్ని పట్టి ఉంచింది తుప్పుకన్నా తల కింది బిగింపే.

మిగతా స్క్రూల తలలమీద చిన్న చుక్క ఉన్న సంగతి అప్పటికిగాని గమనించలేదు. అది జపాన్ కొలత గాడికి గుర్తు. దానితో వచ్చిన మామూలు స్టార్ బిట్, అంటే ఫిలిప్స్ బిట్, అందులో అడుగుదాకా దిగదు. జారదని పైన రాసింది, ఆ కొలత బిట్లు విడిగా కొన్న తర్వాతి మాట.

మరొకటి కూడా ఒప్పుకోవాలి. కింద చెక్క ఆనించకుండా కొట్టినందుకు ఒక కవర్ చెవి చిట్లింది. దాన్ని విజయవాడ ఆటోనగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ చేయించుకున్నాను. ఒకసారి డ్రైవర్ బిగించే దిశలో ఉందని చూసుకోకుండా కొట్టి, ఉన్న స్క్రూను ఇంకా బిగించాను కూడా.

నేను ఇంజన్‌ను ఫ్రేమ్ నుంచి దించి, చెక్కపలకమీద పెట్టి, ఆదివారాలు తీరికగా విప్పుతాను. సుత్తి చప్పుడుకు విసుక్కునే ఇరుగుపొరుగు లేరు. ఇంజన్ బండిలో ఉండగానే విప్పాల్సిన మెకానిక్‌కు సుత్తి ఎత్తేంత జాగా దొరకదు కాబట్టి ఇది అంతగా నచ్చకపోవచ్చు. కవర్లు బిగించేటప్పుడు స్టార్ స్క్రూల బదులు బిగుసుకోకుండా యాంటీ సీజ్ పూత పూసిన అలెన్ బోల్టులే (తలలో ఆరు పలకల గుంట ఉండేవి) వేస్తున్నాను, అందుచేత ఆ మూడు ఇంజన్లకు మళ్లీ దీని అవసరం రాకపోవచ్చు.