కొట్టేసిన మాట కూడా వినపడాలి: ఎన్‌విడిఎతో వర్డ్ ఫైళ్లు సరిచూసిన ఆరేళ్ల అనుభవం

ఇతరులు వర్డ్ ఫైళ్లలో చేసిన మార్పులు చూసి, ఉంచాల్సినవి ఉంచి, వద్దనుకున్నవి తీసేయడం నా రోజువారీ పని. నాకు చూపు లేదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌విడిఎ అనే సాఫ్ట్‌వేర్‌తో పని చేస్తాను. వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ డిస్‌ప్లే కూడా వాడను, మొత్తం చెవి మీదే ఆధారం. ఎన్‌విడిఎ ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, వాయిస్ ఎలా మార్చాలి లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. ట్రాక్ చేంజెస్ (ఎవరు ఏం మార్చారో వర్డ్ గుర్తుపెట్టి చూపించే ఏర్పాటు) ఆన్‌లో ఉన్న ఫైలును వింటూ సరిచూడటం గురించి మాత్రమే రాస్తున్నాను.

నాకు బాగా నచ్చింది ముందు చెప్తాను. వర్డ్‌లో ఎన్‌విడిఎ కీ (మామూలుగా ఇన్సర్ట్), స్పేస్ కలిపి నొక్కితే బ్రౌజ్ మోడ్ వస్తుంది, అంటే అక్షరాల కీలు టైప్ చేయకుండా ఫైలులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్తాయి. అక్కడి నుంచి ఎ అక్షరం నొక్కుకుంటూ పోతే చాలు, ఒక మార్పు నుంచి ఇంకో మార్పుకి, ఒక కామెంట్ నుంచి ఇంకో కామెంట్‌కి వెళ్లిపోవచ్చు. షిఫ్ట్ కలిపితే వెనక్కి వస్తుంది. ఎన్‌విడిఎ కీతో ఎఫ్7 నొక్కి ఆనొటేషన్స్ ఎంచుకుంటే అన్నీ ఒక లిస్టుగా వస్తాయి, ఏం మార్చారు, ఎవరు మార్చారు, ఏ తేదీన మార్చారు అన్నీ వినిపిస్తుంది. ఇది తెలియక ముందు పక్కన ఎవరో ఒకరు కూర్చుని ‘ఇక్కడ ఎర్రగీత ఉంది, ఇది కొట్టేశారు, ఇది రాశారు’ అని చదివి పెట్టాల్సి వచ్చేది, వాళ్లకి తీరికున్నప్పుడే నా పని జరిగేది. మొదటిసారి ఆ లిస్టులో నలుగురి పేర్లతో మార్పులన్నీ ఒక్కొక్కటీ నా చెవిలో పడుతుంటే ఆ రోజు ఇంక వేరే పని చేయబుద్ధి కాలేదు, పాత ఫైళ్లన్నీ తెరిచి మళ్లీ మళ్లీ విన్నాను. కనపడినవాళ్లందరికీ ‘ఎ కీ ఒక్కటి చాలు’ అని చెప్పాను కూడా.

ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

ఒక యంత్రం వాడకం గురించిన చిన్న పుస్తకం నా దగ్గరికి వచ్చింది. ముగ్గురు దిద్దారు. గడువు దగ్గర పడటంతో ఎ కీతో ఒక్కో మార్పు దగ్గరా ఆగే టైం లేక, ఎన్‌విడిఎ కీ, కింది బాణం నొక్కి మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన విన్నాను. ఎవరైనా కొత్త మాట చేర్చిన చోట ‘ఇన్సర్టెడ్’ అంటోంది, అది అయిపోగానే ‘నాట్ ఇన్సర్టెడ్’ అంటోంది. అంతా బాగానే ఉంది కదా అనుకుని మార్పులన్నీ ఒకేసారి యాక్సెప్ట్ చేసి పంపేశాను. అందులో ఒక వాక్యం నాకు ఇలా వినపడింది: ‘మూత పూర్తిగా బిగించి, స్విచ్ వేయాలి.’ వినడానికి ఏ లోపమూ లేదు. కానీ అసలు వాక్యం ‘మూత పూర్తిగా బిగించి, రెండు నిమిషాలు ఆగి, స్విచ్ వేయాలి’. మధ్యలో ముక్కను దిద్దినవాళ్లలో ఒకరు కొట్టేశారు. తెలుగు వాక్యం సంగతి తెలిసిందే కదా, ‘బిగించి, ఆగి, వేయాలి’ అని వరసగా పోయే చోట ఒకటి ఊడిపోయినా మిగతాది తడబడకుండా నిలబడుతుంది. తడబడి ఉంటే నేను ఆగి ఉండేదాన్ని. మూడు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది, ‘ఆ రెండు నిమిషాలు ఎందుకు తీసేశారమ్మా, అదే కదా అసలు జాగ్రత్త’ అని. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అచ్చుకి ఇంకా వెళ్లలేదు కాబట్టి సరిపోయింది.

ఆ రాత్రి పాత కాపీ తెరిచి కూర్చున్నాను. రివ్యూయింగ్ పేన్ (మార్పులన్నీ విడిగా లిస్టుగా చూపే భాగం) తెరిచి, ఎఫ్6తో అందులోకి వెళ్తే పైనే మొత్తం ఎన్ని మార్పులో చెప్పింది: అరవై మూడు. నేను చదువుతూ విన్నవి మళ్లీ లెక్కపెడితే నలభై కూడా లేవు. మిగతావన్నీ కొట్టివేతలే! కారణం ఏమిటంటే, ఆ ఫైలులో మార్పులు బెలూన్లలో కనపడేలా పెట్టి ఉంది. అలా పెడితే కొట్టేసిన మాట వాక్యంలోంచి బయటికి వెళ్లి పేజీ పక్కన ఉండే బెలూన్‌లో కూర్చుంటుంది. చూసేవాళ్లకి అది పక్కనే కనపడుతుంది, వాళ్లకి ఇబ్బంది లేదు. వాక్యం వెంట చెవితో నడిచేవాళ్లకి మాత్రం ఆ మాట అక్కడ లేనట్టే. మార్పుల వివరాలు దాచి చూపే సింపుల్ మార్కప్‌లో ఉన్నా ఇదే తంతు, అక్కడ అంచున ఒక గీత మాత్రమే ఉంటుంది, గీత మాట్లాడదు కదా.

మందు చాలా చిన్నది. ఆల్ట్, ఆర్ నొక్కి రివ్యూ ట్యాబ్‌లోకి వెళ్లి, డిస్‌ప్లే ఫర్ రివ్యూలో ఆల్ మార్కప్ పెట్టుకోవాలి, తర్వాత షో మార్కప్‌లో బెలూన్స్ కింద ‘షో ఆల్ రివిజన్స్ ఇన్‌లైన్’ ఎంచుకోవాలి. అదే ఫైలు, అదే వాక్యం, ఈసారి ‘మూత పూర్తిగా బిగించి, డిలీటెడ్, రెండు నిమిషాలు ఆగి, నాట్ డిలీటెడ్, స్విచ్ వేయాలి’ అని వినపడింది. ఆ ‘డిలీటెడ్’ అన్న ఒక్క మాట వినపడగానే ఏడుపొచ్చినంత పనైంది.

అయితే ఆ ‘నాట్ డిలీటెడ్’ కొత్తవాళ్లని బాగా తికమక పెడుతుంది. కొట్టేసిన భాగం ఇక్కడితో అయిపోయింది అని దాని అర్థం, వినేవాళ్లకి మాత్రం ‘ఇది కొట్టేయలేదు’ అన్నట్టు ఉంటుంది. నేను స్పీచ్ డిక్షనరీలో (ఏ మాటను ఎలా పలకాలో ఎన్‌విడిఎకి చెప్పే చోటు) దానికి బదులు ‘కొట్టివేత అయిపోయింది’ అని పలికేలా రాసుకున్నాను. ఇప్పుడు వాక్యం మధ్యలో వచ్చినా చెవి తడుముకోదు.

ఎ కీ గురించి కూడా ఇంకో మాట చెప్పాలి. పది, పదిహేను పేజీలదాకా హాయిగా ఉంటుంది. ఒక మాట కొట్టేసి దాని బదులు ఇంకోటి రాస్తే అది రెండు మార్పుల కింద లెక్క, రెండు చోట్ల ఆగాలి. కామా మార్చినా ఆగాలి, అక్షరాలు బోల్డ్ చేసినా ఆగాలి. నూరు పేజీల ఫైలులో ఎఫ్7 లిస్టు తెరుచుకునేలోపు కంప్యూటర్ ఆగిపోయిందేమో అని టెన్షన్ వస్తుంది. పైగా ఎ కీ మిమ్మల్ని మార్పు దగ్గర దించుతుంది అంతే, ముందూ వెనకా ఏముందో తెలియాలంటే బాణాలతో ఆ వాక్యం మొత్తం చదువుకోవాల్సిందే. అందుకే ఇప్పుడు రెండు విడతలుగా చేస్తాను, ముందు ఏకబిగిన విని విషయం పట్టుకుంటాను, తర్వాత ఎ కీతో ఒక్కో మార్పూ తేలుస్తాను.

కామెంట్లతో నాకు పెద్ద గొడవ లేదు. ‘హ్యాజ్ కామెంట్’ అనగానే ఎన్‌విడిఎ కీ, ఆల్ట్, సి నొక్కితే చదివేస్తుంది. జవాబు రాశాక కంట్రోల్, ఎంటర్ నొక్కడం మర్చిపోకండి, లేకపోతే అది డ్రాఫ్ట్‌గానే ఉండిపోతుంది, అవతలివాళ్లు మీ జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంటారు.

నా మటుకు నాకు ఈ పద్ధతి సరిపోతోంది, ఎందుకంటే కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసిన వర్డ్‌లోనే పని చేస్తాను, ఫైళ్లు ముప్పై పేజీలు దాటడం అరుదు, స్పీడు కూడా ఎక్కువ పెట్టుకుని వింటాను. బ్రౌజర్‌లోనే ఫైళ్లు దిద్దేవాళ్లకి, బ్రెయిలీలో చదివేవాళ్లకి లెక్క వేరేగా ఉండొచ్చు. ఒప్పందాల లాంటివి సరిచూసేవాళ్లయితే ఒక్క చెవినే నమ్ముకోమని నేను చెప్పలేను. నేను కూడా ఫైలు తెరవగానే రివ్యూయింగ్ పేన్‌లో సంఖ్య విని రాసి పెట్టుకుంటాను, పని అయ్యాక అది సున్నాకి వచ్చిందో లేదో చూస్తాను, అన్నీ కలిపి ఒకేసారి యాక్సెప్ట్ చేయడం మాత్రం పూర్తిగా మానేశాను. నాతో పనిచేసే ముగ్గురినీ ఏదైనా కొట్టేసిన చోట ఒక చిన్న కామెంట్ కూడా పెట్టమని అడిగాను. ఇద్దరు పెడుతున్నారు. మూడో ఆయన ఇంకా మర్చిపోతుంటారు, గుర్తు చేస్తూనే ఉన్నాను.