జేబీఎల్ ఎల్100 సెంచరీ: పాత స్పీకర్లలో ఏవి మార్చాలి, ఏవి ఉంచాలి

స్టూడియోల కోసం చేసిన 4310 మానిటర్‌ను (రికార్డింగ్‌ను సరిచూసుకునే స్పీకర్‌ను) ఇళ్లకు అనువుగా మలచి అమెరికా స్పీకర్ల సంస్థ జేబీఎల్ 1970లో తెచ్చిన ఎల్100 సెంచరీ స్పీకర్ల జత ఒకటి విశాఖలోని మా ఇంట్లో చాలా ఏళ్లుగా మోగుతోంది. వయసు మీరిన స్పీకర్లలో భాగాలు మార్చాలా అంటే, కొలిచి చూసి, తప్పిన వాటినే మార్చాలన్నది నా అభిప్రాయం.

ఇందులో క్రాసోవర్, అంటే శబ్దాన్ని స్థాయిల వారీగా విడదీసి ఒక్కో డ్రైవర్‌కు (శబ్దం పుట్టించే భాగానికి) పంపే సర్క్యూట్, ఆశ్చర్యం కలిగించేంత సాదాగా ఉంటుంది. మంద్ర స్వరాలు పలికే 12 అంగుళాల ఊఫర్‌కు ఫిల్టరే లేదు; నడిమి స్వరాల మిడ్‌రేంజ్‌కు, పై స్వరాల ట్వీటర్‌కు మాత్రం దిగువ స్వరాలను ఆపే చెరో కెపాసిటర్, శబ్దం స్థాయిని తగ్గించి పెంచే చెరో ఎల్-ప్యాడ్ ఉంటాయి. భాగాలు ఇంత తక్కువ కనుక ఒక కెపాసిటర్ విలువ మారినా అది గాత్రంలో వినిపిస్తుంది. ఒక వైపు టంకం విప్పి ఎల్‌సీఆర్ మీటరుతో (కెపాసిటర్ల వంటి భాగాల విలువలు చూపే పరికరంతో) కొలిస్తే నా కుడి, ఎడమ పెట్టెల విలువలకు పొంతన కుదరలేదు. గాయని గొంతు నడుమ నిలవకుండా ఒక పక్కకు ఒరగడానికి కారణం అదే. అసలు ఉండవలసినంత విలువ గల పాలీప్రొపిలీన్ (ప్లాస్టిక్ ఫిల్మ్ రకం) కెపాసిటర్లు వేశాక గొంతు నడుమకు వచ్చింది కానీ తాళపు చిప్పల చప్పుడు, సకారాలు కాస్త పదునెక్కాయి. పాత ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు ఉండే అంతర్గత నిరోధం ఫిల్మ్ రకానికి దాదాపు ఉండదు. అందుకే ట్వీటర్ కెపాసిటర్‌కు వరుసలో అర ఓం రెసిస్టర్ కలిపాక ఆ పదును తగ్గింది. ఖరీదైన ఆడియోఫైల్ కెపాసిటర్లకు డబ్బు పోయనక్కరలేదు.

నిజానికి మొదట చూడవలసినవి ఎల్-ప్యాడ్‌లు. సముద్రపు గాలికి వాటి లోపలి తీగకు చిలుము పట్టి, ట్వీటర్ ఉండుండి మూగబోతే, దాన్ని చూసిన మరమ్మతుదారు ఒకరు కొత్త ట్వీటర్లు వేయించమన్నారు. కాంటాక్ట్ క్లీనర్ వేసి మీటను పదేపదే తిప్పితే కొంతకాలం పనిచేసింది. తరువాత 8 ఓంల కొత్తవి వేశాను.

ఊఫర్ కోన్ చుట్టూ ఉండే అంచు గుడ్డతో చేసినది కనుక చెక్కుచెదరలేదు. ఫోమ్ అంచు ఉన్న వేరే స్పీకర్లకు ఈ మాట వర్తించదు: ఫోమ్ పొడిగా రాలుతుంటే ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే కోన్ ఒరిగి, దాన్ని కదిలించే తీగచుట్ట (వాయిస్ కాయిల్) అయస్కాంతానికి రాసుకుంటే ఆపై ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. బాగా పలికే డ్రైవర్లను మాత్రం మార్చవద్దు. అసలువి పోతే శబ్దంతోపాటు ధర కూడా పడిపోతుంది. తీసిన పాత భాగాలను పెట్టెవారీగా పేరు రాసి దాచుకుంటే మంచిది. రేపు కొనేవారు మొదట అడిగేది వాటినే.