రాడికిల్ రివ్యూ: కోడ్‌తో పాటు ఇష్యూలు కూడా మన దగ్గరే

సొంత సర్వర్‌లో కోడ్ రెపోలు (ప్రాజెక్టు ఫైళ్లూ, వాటి మార్పుల హిస్టరీ దాచే చోట్లు) పెట్టుకుని బ్రౌజర్‌లో చూపించాలి, సింపుల్‌గా ఏదన్నా ఉందా అని ఎవరడిగినా ఇన్నాళ్లూ సీగిట్ పెట్టుకోండి అనే చెప్తూ వచ్చా. ఇప్పుడు దాని పక్కన రాడికిల్ పేరు కూడా చెప్తున్నా, ఏ కంపెనీ సర్వర్ మీదా ఆధారపడకుండా వాడేవాళ్ల మెషీన్ల మధ్యే కోడ్ పంచుకునే టూల్ అది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కెళ్లాలి.

కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసినప్పటి నుంచీ డీసెంట్రలైజ్డే కదా. మామూలుగా క్లోన్ చేసుకున్న (రెపో కాపీ తెచ్చుకున్న) ప్రతివాళ్ల దగ్గరా మొత్తం హిస్టరీ ఉంటుంది, గిట్‌హబ్ లాంటి హోస్టింగ్ సైట్ రేపు మూతబడినా కోడ్ ఎక్కడికీ పోదు. పోయేదల్లా దాని చుట్టూ పోగైన సరుకు. ఇష్యూల్లో (బగ్గులు, కావాల్సిన మార్పులు రాసే పోస్టుల్లో) జరిగిన చర్చ, ఈ లైన్ ఎందుకు మార్చారో చెప్పే రివ్యూ కామెంట్లు, ఎవరో ఓపిగ్గా కూర్చుని స్టెప్పులతో సహా రాసిన బగ్ రిపోర్టు, ఇవన్నీ ఆ కంపెనీ డేటాబేస్‌లోనే ఉండిపోతాయి. నేను వాడే ఒక చిన్న లైబ్రరీకి ఇదే జరిగింది. మెయింటెయినర్ అకౌంట్‌ని హోస్టింగ్ వాళ్లు ఆపేశారు, కోడ్ మా అందరి దగ్గరా భద్రంగా ఉంది కానీ ఇష్యూలు మొత్తం మాయం, తెలిసిన బగ్గుల్నే మళ్లీ మొదట్నుంచీ వెతుక్కోవాల్సి వచ్చింది.

సీగిట్, అదే పని చేసే స్టాగిట్, రెండూ మంచి టూల్సే, అందులో డౌట్ లేదు. సీగిట్ సీ భాషలో రాసిన సీజీఐ ప్రోగ్రామ్ (ఎవరైనా పేజీ అడిగినప్పుడు వెబ్ సర్వర్ నడిపేది), లినక్స్ కెర్నల్ రెపోలు చూపించే సైట్‌లో నడిచేది కూడా ఇదే. ఒక బేర్ రెపో (ఫైళ్లు విప్పి పెట్టకుండా హిస్టరీ మాత్రమే ఉన్నది), ఒక సెట్టింగ్స్ ఫైలు, అంతే. (పెట్టుకునేవాళ్లకి ఒక మాట: ఆ ఫైల్లో రెపోలు ఎక్కడ వెతకాలో చెప్పే స్కాన్-పాత్ లైన్ అన్నిటికంటే చివర పెట్టండి, దాని కింద రాసిన సెట్టింగులు స్కాన్‌లో దొరికిన రెపోలకి వర్తించవు, ఎర్రర్ కూడా రాదు.) స్టాగిట్ ఇంకా తేలిక, పుష్ చేసినప్పుడు (కోడ్ సర్వర్‌కి పంపినప్పుడు) హుక్ అనే చిన్న స్క్రిప్ట్ నుంచి హెచ్‌టీఎంఎల్ పేజీలు తయారుచేసి పెట్టేస్తుంది, ఆ తర్వాత సర్వర్‌లో నడిచే ప్రోగ్రామంటూ ఏమీ ఉండదు. ఈ మధ్య క్రాలర్లు (వెబ్ పేజీలన్నీ తిరిగే బాట్లు) ప్రతి కమిట్‌కీ, అంటే నమోదైన ప్రతి మార్పుకీ, ప్రతి ఫైలుకీ ఉన్న లింకులన్నీ తొక్కుకుంటూ పోతున్నాయి కాబట్టి చిన్న సర్వర్ ఉన్నవాళ్లకి స్టాగిట్ నిజంగా ప్రాణం పోస్తుంది. కానీ రెండూ చదవడానికే. ఎవరైనా ప్యాచ్ (కోడ్‌లో మార్పు) పంపాలంటే ఈమెయిలే దిక్కు, అలవాటున్నవాళ్లకి అది హాయిగానే ఉంటుంది, కొత్తవాళ్లు మాత్రం ఆ సెటప్ చూసి అక్కడే ఆగిపోతారు.

రాడికిల్ సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. 1.0 వెర్షన్ 2024 సెప్టెంబర్‌లో వచ్చింది, రస్ట్ భాషలో రాశారు. ఇష్యూలు, ప్యాచ్‌లు, వాటి మీద కామెంట్లు అన్నీ గిట్ ఆబ్జెక్టులుగా అదే రెపోలో దాస్తుంది, ప్రతిదాని మీదా రాసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. అంటే రెపో తెచ్చుకుంటే చర్చ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. నెట్ లేనప్పుడు ఇష్యూ రాసి పెట్టుకోవచ్చు, కనెక్ట్ అయ్యాక అదే సింక్ అవుతుంది. ఇది వాడి చూస్తే తప్ప ఎంత సుఖమో తెలీదు! బ్లాక్‌చెయినా అని చాలామంది అడుగుతున్నారు, కాదు, ఏ టోకెనూ కొనక్కర్లేదు.

మొదలుపెట్టడం తేలికే. టెర్మినల్‌లో రాడ్ ఆథ్ (rad auth) అని కొడితే సంతకానికి వాడే ఒక కీ జత తయారవుతుంది, అదే మీ అకౌంటు, ఈమెయిల్ అడగదు, ఒక పేరు, ఒక పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. ఉన్న రెపోలోకి వెళ్లి రాడ్ ఇనిట్ (rad init) కొడితే పేరు, వివరణ, బ్రాంచ్ (కోడ్ మార్పులు సాగే ఒక దారి), పబ్లిక్కా ప్రైవేటా అని అడిగి ఒక పొడవాటి ఐడీ ఇస్తుంది. అక్కణ్ణుంచి మామూలు గిట్ పుష్షే, రిమోట్ (పుష్ వెళ్లే చోటు) పేరు రాడ్, అంతే తేడా. ప్యాచ్ పంపాలన్నా పుష్షే, refs/patches అనే రెఫ్‌కి పుష్ చేస్తే కొత్త ప్యాచ్ తెరుచుకుంటుంది. ఎవరి బ్రాంచ్‌లు వాళ్ల పేరు కింద విడిగా ఉంటాయి, అసలు మెయిన్ బ్రాంచ్ ఏదన్నది డెలిగేట్లు, అంటే ఆ రెపో పెద్దలు, నిర్ణయిస్తారు. ఇద్దరు ఒప్పుకుంటేనే మెయిన్ కదలాలి అని కూడా పెట్టుకోవచ్చు, ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే ప్రాజెక్టుకి నాకు బాగా నచ్చిన ఫీచర్ ఇది.

ఇక వెబ్ ముఖం సంగతి. నోడ్ (మీ మెషీన్‌లో నడిచే రాడికిల్ ప్రోగ్రామ్) పక్కన రాడికిల్ హెచ్‌టీటీపీడీ అనే చిన్న సర్వర్ నడిపితే అది రెపో సమాచారం జేసన్ అనే డేటా రూపంలో ఇస్తుంది, దాన్ని ఎక్స్‌ప్లోరర్ అనే వెబ్ యాప్ చదివి ఫైళ్లు, కమిట్లు, ఇష్యూలు, ప్యాచ్‌లు చూపిస్తుంది. ఆ యాప్ స్టాటిక్ ఫైళ్లే కాబట్టి ఎక్కడైనా పెట్టుకోవచ్చు, ఒకే యాప్‌తో వేరేవాళ్ల నోడ్‌లు కూడా తెరవచ్చు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, ఏం మారిందో చూపించే డిఫ్ పేజీ అయితే సీగిట్ కంటే చాలా నయం. రాడికిల్ ఇన్‌స్టాల్ చేసుకోని వాళ్లు కూడా అదే సర్వర్ నుంచి మామూలు గిట్ క్లోన్ చేసుకోవచ్చు. అయితే జావాస్క్రిప్ట్ లేకపోతే పేజీ ఏమీ రాదు, టెక్స్ట్ బ్రౌజర్ వాడేవాళ్లకి ఇది లోటే. ఇంకోటి, రాయడానికి సంతకం కావాలి, కీ మీ మెషీన్‌లో ఉంటుంది, కాబట్టి పబ్లిక్ పేజీలో దారినపోయేవాళ్లు వచ్చి కామెంట్ పెట్టడం కుదరదు. యూజర్లు బగ్ చెప్పాలంటే వాళ్లూ నోడ్ పెట్టుకోవాలి. మీ ప్రాజెక్టు వాడేది ప్రోగ్రామర్లు కాకపోతే ఇదే పెద్ద అడ్డంకి.

జాగ్రత్తపడాల్సినవి ఇంకో మూడున్నాయి. కీ పోతే అకౌంట్ పోయినట్టే, రీసెట్ లింక్ పంపేవాళ్లెవరూ లేరు, అందుకని మొదటి రోజే బ్యాకప్ తీసి, వేరే మెషీన్‌లో ఇంకో కీ చేసి దాన్ని కూడా డెలిగేట్‌గా చేర్చండి. ఒకసారి పబ్లిక్‌గా బయటికెళ్లింది వేరేవాళ్ల నోడ్‌ల నుంచి మీరు తీసేయలేరు, పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ పొరపాటున పుష్ చేస్తే ఆ పాస్‌వర్డ్ మార్చేయడమే మార్గం. మూడోది, మీ రెపోని ఇంకెవరూ సీడ్ చేయకపోతే (తమ నోడ్‌లో కాపీ పెట్టి అందించకపోతే) మీ ల్యాప్‌టాప్ మూసిన క్షణం నుంచి అది ఎవరికీ కనపడదు. ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న సర్వర్ మీద సీడ్ నోడ్ పెట్టి 8776 పోర్ట్ తెరవండి, ఏ రెపోలు దాచాలో మీరే ఎంచుకోవచ్చు కాబట్టి ఊళ్లో అందరి కోడూ మీ డిస్క్ మీదకి వచ్చి పడదు.

ఒక్కరే రాసుకుని జనానికి చూపిస్తే చాలనుకుంటే స్టాగిట్ పెట్టుకోండి, ఇంతకంటే అక్కర్లేదు. నలుగురు కలిసి రాస్తూ, ఇష్యూల చర్చ కూడా ఏళ్ల తరబడి మీ చేతిలోనే ఉండాలంటే రాడికిల్‌కి మారండి. నేను మాత్రం రాడికిల్, సీగిట్ రెండూ కలిపి నడుపుతున్నా, పనంతా రాడికిల్‌లో, మెయిన్ బ్రాంచ్ కాపీ ఒకటి సీగిట్‌లో, జావాస్క్రిప్ట్ లేనివాళ్లు అక్కడ చదువుకుంటున్నారు.