సిలికా జెల్‌తో పూలు ఎండబెట్టడం: నాలుగేళ్ల వాడకం తర్వాత

మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌లో వేసిన దండ దాచుకుందామని గులాబీలు పుస్తకంలో పెట్టాను. పది రోజులకి బూజు పట్టి పుస్తకం కూడా పాడైంది. ఆ ఉక్రోషంతో ఆన్‌లైన్‌లో రెండు కిలోల సిలికా జెల్, అంటే తేమ పీల్చే గట్టి పూసలు, తెప్పించాను. నాలుగేళ్లుగా విజయవాడలోని మా ఇంట్లో అదే పని.

మొదట వచ్చింది కందిగింజంత పూసలది. రేకుల మీద గుంటలు పడి గులాబీ మొహానికి మశూచి వచ్చినట్టయింది. తర్వాత బొంబాయి రవ్వంత సన్నటిది కొన్నాను. కొనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది అదే.

గట్టి మూత ఉన్న డబ్బాలో అంగుళం మందాన జెల్ పోసి, పువ్వు నిలబెట్టి, చెంచాతో రేకుల మధ్యకి కొద్దికొద్దిగా పోయాలి. ఒక్కసారి కుమ్మరించారా, పువ్వు అణిగిపోతుంది. చామంతికి ఐదు రోజులు, గులాబీకి వారం. ముద్దబంతికి పది రోజులైనా లోపల తడి ఉంటుంది. అలాగని మరిచిపోతే అప్పడంలా విరుగుతాయి. మార్కెట్ పూల మీద నీళ్లు చల్లి ఉంటాయి. ఆ తడి తుడవకుండా పెడితే గోధుమరంగు మచ్చలే. సగం విచ్చిన పువ్వే మేలు, పూర్తిగా విచ్చినది రేకులు రాలుస్తుంది.

రంగు విషయంలో ఆశ తగ్గించుకోండి. గులాబీ రంగు, పసుపు బాగానే నిలుస్తాయి. ఎర్ర గులాబీ నల్లటి మెరూన్‌కి తిరుగుతుంది. మల్లెలు నాకు ఒక్కసారీ తెల్లగా రాలేదు, వాసన ఎలాగూ ఉండదు. బొగడబంతికైతే జెల్ దండగ. చీకటి గదిలో తలకిందులుగా వేలాడదీస్తే చాలు, నా దగ్గర మూడేళ్ల నాటివి ఇంకా ఊదాగానే ఉన్నాయి.

జెల్ తడి పీల్చుకున్నాక అందులోని నీలం పూసలు గులాబీ రంగులోకి మారతాయి. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ నీలం. ఓసారి తొందరపడి మూకుడులో పెద్ద మంట మీద వేయించాను, ఆ పూసల రంగు మళ్లీ రాలేదు. నీలానికి కారణం కోబాల్ట్ క్లోరైడ్, ఒంటికి మంచిది కాదు. అందుకే ట్రే, చెంచా వంటకి వాడను. మళ్లీ కొంటే కోబాల్ట్ లేని నారింజ రంగుదే కొంటాను. పోసేటప్పుడు దుమ్ము లేస్తుంది, మాస్కు పెట్టుకోండి.

"మే నెల ఎండ ఊరికే పోతోంటే ఈ డబ్బాలెందుకే?" అంటారు మా అత్తగారు. ఎండలో పెడితే ఎండుతాయి, కానీ రంగు వెలిసిపోతుంది. అసలు చిక్కు వానాకాలంతో. ఆగస్టులో ముచ్చటపడి షోకేసులో విడిగా పెట్టిన గులాబీలు రెండు రోజులకే మెత్తబడి తలలు వాల్చాయి. ఎండిన పువ్వు గాలిలో తేమని మళ్లీ తాగుతుంది. ఇప్పుడు గాజు సీసాలో అడుగున చెంచాడు జెల్ వేసి, పైన నాచు పరిచి పువ్వు పెట్టి, మూతకి టేపు చుట్టేస్తున్నాను. నిరుటి చామంతులు అలాగే ఉన్నాయి.