ఐదేళ్లు వాడిన ప్లాస్టిక్ పేకలు: మా కడప ఇంటి అనుభవం

కడప వై.వి. స్ట్రీట్‌లో ఈ పేకలు కొని ఐదేళ్లయింది. రెండు కట్టలు, కట్ట 180 రూపాయలు. పేకలున్నాయా అని అడిగితే అంగడాయన నన్ను ఎగాదిగా చూసి, లోపలి అలమారలోంచి తీశాడు. పేకంటే మంగతాయి జూదం తప్ప ఇంకోటి గుర్తురాదు కదా మన వైపు. "పిల్లలకు నేర్పడానికన్నా" అంటే నవ్వాడు.

అంతకుముందు అట్టపేకలు వాడేవాళ్లం. వాటితో చిక్కేమిటంటే, కొత్తగా నేర్చుకునేవాళ్లే ముక్కల్ని ఎక్కువ పాడుచేస్తారు. గట్టిగా పట్టుకుని వంచుతారు, ఉగ్గాని, బజ్జీ తిన్న చేత్తోనే ముట్టుకుంటారు. ఒక్క ముక్క మూల మడతపడిందంటే వెనకనుంచి చూసే అది ఆఠీను రాణి అని ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. ఇక ఆడేదేముంది? మా ఇంట్లో ఏ అట్టపేకా రెండు నెలలు దాటలేదు. ఈ ప్లాస్టిక్‌వి సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిస్తే చాలు.

బాధలు లేవని కాదు. కొత్తలో బాగా జారతాయి, కలపబోతే చేతిలోంచి గది నిండా పడేవి. వారం ఆడాక దారికొచ్చాయి. మా ఇంట్లో పరిచినవి నల్ల కడప బండలు. ఆ నున్నటి బండ మీద పల్చటి ముక్క అతుక్కుని గోటికి అందదు, దుప్పటి పరుచుకోవాల్సిందే. ఎండకు మాత్రం అస్సలు ఆగవు. ఒక మే నెల మధ్యాహ్నం మిద్దె మీద మరిచిపోతే పైనున్న నాలుగు ముక్కలు అప్పడాల్లా వంకర్లు పోయాయి. రెండు రోజులు పుస్తకాల కింద పెడితే మూడు సరయ్యాయి. కళావరు ఎనిమిది సరవ్వలేదు. పారేసి, మిగిలిన జోకరు ఒకదాని మీద స్కెచ్ పెన్నుతో "కళావరు 8" అని రాసుకున్నాం.

కొనేటప్పుడు వెడల్పు చూడండి. 63 మిల్లీమీటర్లవి, 57 మిల్లీమీటర్లవి రెండు రకాలుంటాయి. మావి సన్నవి, పిల్లల చేతికి అవే నయం. అయినా ఎనిమిదేళ్ల వాడి చేతిలో రమ్మీకి పంచే పదమూడు ముక్కలు నిలవవు. రెండు స్కేళ్లను రబ్బరు బ్యాండుతో కట్టి మధ్యలో దోపించాను. ఇంతవరకూ అంతకన్నా మంచి ఉపాయం దొరకలేదు.

డబ్బాలో వచ్చిన రూల్స్ కాగితం శుద్ధ దండగ. నేర్పింది మా అవ్వ. ముందు గాడిద ఆట. ఇస్పేటు ఆసుతో మొదలవుతుంది, అందరూ అదే రంగు వెయ్యాలి (రంగంటే ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను). ఆ రంగు లేనివాడు వేరే రంగుతో కొడితే, అప్పటికి పెద్ద ముక్క వేసినవాడు అన్నీ ఎత్తుకోవాలి. చివరికి ముక్కలతో మిగిలినవాడే గాడిద. రంగులూ, ఏది పెద్దో ఏది చిన్నో పిల్లలకు ఒక్క సాయంత్రంలో వచ్చేశాయి.

రమ్మీకే ఎక్కువ రోజులు పట్టింది. మొదటి రెండు రోజులు అవ్వ అందరి ముక్కలూ దుప్పటి మీద తెరిచి పెట్టించి ఆడించింది. ఎవరు ఏది ఎందుకు పారేశారో అందరికీ కనిపించాలని. ఒకే రంగులో 5, 6, 7 లాగా ఒకదాని తర్వాత ఒకటి వస్తే వరుస. కనీసం రెండు వరుసలుండాలి, అందులో ఒకటి, ఏ ముక్కకైనా బదులు వాడుకునే జోకరు లేకుండా పడాలి, అదే లైఫ్. మావాడు ఒకసారి రెండు వరుసల్లోనూ జోకర్లు పెట్టి గర్వంగా షో (నా ఆట అయిపోయిందని) అన్నాడు. "లైఫ్ ఏదిరా నాయనా?" అంది అవ్వ. ఎనభై కౌంటు, అంటే ఎనభై పాయింట్ల నష్టం! ఆ తప్పు మళ్లీ చెయ్యలేదు. ముక్కలు బాగాలేకపోతే మొదట్లోనే దింపేసి ఆ ఆట వదిలేస్తే ఇరవై కౌంటుతో పోతుందన్నది మాత్రం వాడికి ఏడాదికి గానీ ఒంటబట్టలేదు. డబ్బుల ఊసు లేదు, చింతగింజలే పందెం.

బెంగళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు ఫోన్లో రమ్మీ నేర్చాడు. అక్కడ ముక్కలు వాటంతటవే సర్దుకుంటాయట. ఇక్కడ చేతిలో 5, 6, 7 డైమన్లు మూడు చోట్ల పెట్టుకుని, వరుస పడలేదని ఆరును పారేశాడు. పేరుకోవడం చేత్తో నేర్వాలంటే నిజం పేకలే కావాలి. ప్లాస్టిక్‌వే తీసుకోండి, ఎండలో పెట్టకండి.

ఆ కళావరు ఎనిమిది సంగతి చెప్పాలి. మొన్న సంక్రాంతికి చెమట చేతుల్లో రాత చెరిగిపోయి అది మళ్లీ జోకరైంది. దాన్ని వాడుకుని షో కొట్టింది అవ్వే. అది ఎనిమిదని మేమంటే, ఎక్కడ రాసుందో చూపించమంది.