ఆంప్‌కి కరెంటు తీగ: అచ్చ రాగిదా, రాగి పూతదా?

కారుకి ఆంప్లిఫయర్ కొనేటప్పుడు అందరం వాట్ల గురించే మాట్లాడతాం. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వెళ్లే తీగ సంగతి ఆఖర్న గుర్తొస్తుంది. అప్పుడు చేతికొచ్చేవి రెండు రకాలు: అచ్చ రాగి, రాగి పూత పూసిన అల్యూమినియం.

పైకి రెండూ ఒక్కలాగే మెరుస్తాయి. ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే పూత సరుకే. చేతిలో తేలిగ్గానూ ఉంటుంది.

అసలు తేడా కరెంటు మోయడంలో. 4 గేజ్ (గేజ్ అంటే తీగ మందం కొలత) రాగి తీగ 5 మీటర్ల పొడవున 80 ఆంపియర్లు మోస్తే మూడోవంతు వోల్టు దారిలోనే పోతుంది. అదే మందం పూత తీగలో సుమారు అర వోల్టు. బేస్ దెబ్బ పడ్డప్పుడల్లా ఆంప్ దగ్గర మాత్రమే వోల్టేజీ పడిపోతుంటే ముందు తీగనే అనుమానించాలి. పైగా అల్యూమినియం మెత్తన. స్క్రూ కింద నలిగి, కొన్నాళ్లకు బిగింపు వదులై, అక్కడ వేడెక్కుతుంది.

అలాగని పూత తీగ పనికిరాదనను. చిన్న ఆంప్‌కి, ఒక సైజు లావుది వేస్తే చాలు. పెద్ద సబ్‌వూఫర్ (బేస్ మోగించే స్పీకర్) ఉంటే మాత్రం నా ఓటు రాగికే.

ఏది వేసినా ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్లలోపే ఉండాలి, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదన్నది తీగ తాహతును బట్టి. ఎర్త్ తీగ కూడా అంతే లావుది, పొట్టిగా, పెయింటు గీకిన కారు బాడీ ఇనుము మీద బిగించాలి.